గాలికి గడియ

నీరు పల్లమెరుగునని మన పెద్దలు సామెత చెప్పిరేగాని గాలి యెరుగు త్రోవ యేదియో చెప్పినవారు లేరు. ఏలయన దానికట్టి త్రోవయే లేదు. ఏటవాలున కాలువ త్రవ్వి నీటిని పొలమునకు గొనిపోవచ్చును, తూము బిగించి చెరువున నిలుపవచ్చును. గాలి నొకచోట పట్టి అదిమినచో నది వచ్చిన రంధ్రముననే మరల వెడలిపోవును, అదుమువాని భుజబలమెంతటిదైనను ఫలము సున్న. కావున వాయువును పనిముట్టుగా జేసికొనిన జాతులన్నిటికిని మొట్టమొదట ఎదురైన చిక్కు బలమునకు సంబంధించినది కాదు. పోనిచ్చి, తిరిగి రానీయకుండుటకు సంబంధించినది. నేటి యంత్రశాలలలో చెక్ వాల్వు అనియు నాన్-రిటర్న్ వాల్వు అనియు వ్యవహరింపబడుచున్న బొటనవ్రేలంత యిత్తడి ముక్క ఆ చిక్కునకు ఇప్పటి పరిష్కారము. గాలి నొక దిక్కున మాత్రమే పోనిచ్చి, ఎదురు దిక్కున మూసికొనుటయే దాని సర్వస్వమును. ఇంత చిన్న పనికి చరిత్రయా యని అడుగువారుందురు. ఈ పనిని పూర్వము మనుష్యుని అరచేయి చేసినది, మడమ చేసినది, పిదప తోలుముక్క చేసినది, కడపట గోళీ చేసినది; ఆ బాధ్యత దేహమును విడిచి వస్తువును చేరుటకు పట్టిన కాలము రెండువేల యేండ్లకు తక్కువ కాదు.

మన పల్లెలలో నిన్నమొన్నటివరకు కమ్మరి కొలిమియొద్ద కానవచ్చిన మేకతోలు తిత్తిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. మేకచర్మమును కడుపున కోయక సంచివలె వొలిచి, కాళ్ల కన్నములు ముడివేసి, మెడయొద్ద గొట్టమమర్చి, వెనుకటి మూతికి రెండు వెదురు బద్దలు కుట్టుదురు. ఒక బద్దకు బొటనవ్రేలు దూరునట్టియు, రెండవదానికి తక్కిన వ్రేళ్లు దూరునట్టియు వారులుండును. తిత్తిని పైకెత్తునపుడు వ్రేళ్లు విడదీసిన మూతి తెరచుకొని గాలి లోనికి వచ్చును; క్రిందికి అదుమునపుడు వ్రేళ్లు బిగించిన బద్దలు రెండును కలిసికొని గాలికి గొట్టము దప్ప వేరు గతి యుండదు. ఇట్టి తిత్తులు రెంటిని ఒకదాని వెనుక నొకటిగా ఊదుచున్నచో కొలిమికి గాలి యెడతెగక అందును. చూచువానికిది భుజముల పనిగా గనబడునుగాని కష్టమంతయు వ్రేళ్లలో నున్నది. ఎత్తునపుడు తెరువుట, అదుమునపుడు మూయుట యను నీ రెండు చేష్టలలో ఏది అరక్షణము ముందువెనుకలైనను గాలి వెనుకనుండి జారిపోవును. ఎఱ్ఱనైన యినుము మరల నల్లబడును. తిత్తి యూదువాడు, అనగా తఱచుగా కమ్మరి భార్యయో పసివాడైన కొడుకో, దినమంతయు కవాటమై కూర్చుండవలసినదే.

ఇందొక సూక్ష్మము గలదు. తిత్తి గొట్టమును కొలిమిలోని మట్టిగొట్టమున గట్టిగా బిగింపక నడుమ కొంత సందు విడుతురు. అది తెలియనివారికి లోపముగా దోచును. ఆ సందు లేకున్నచో తిత్తిని ఎత్తునపుడు మూతి తెరచుకొనుట కొంచెమాలస్యమైనను, అది కొలిమిలోని మంటనే లోనికి పీల్చుకొని తోలును మాడ్చుకొనును. సందుండుటచేత పీల్చినను పైగాలినే పీల్చును. కవాటము లేనిచోట దాని లోటు నిట్లు సందుతో తీర్చుకొనిన ఆ యజ్ఞాతశిల్పుల బుద్ధికి నేను మిక్కిలి విలువ నిత్తును.

మధ్యభారతపు అడవులలో ఇనుపరాతిని కరగించు అగరియాలు ఇంకొక త్రోవ త్రొక్కిరి. వీరినిగూర్చి వెరియర్ ఎల్విన్ 1942లో ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసెను. తొలిచిన కొయ్యగిన్నెపై ఆవుతోలు వదులుగా కప్పి, తోలు నడుమ నొక రంధ్రము చేసి, తోలునుండి యొక త్రాటిని వంచిన వెదురుగడకు గట్టుదురు. అట్టి గిన్నెలు రెండు ప్రక్కప్రక్కన నుండును. ఊదువాడు చెరియొక కాలును చెరియొక గిన్నెపై మోపి, మడమతో రంధ్రమును మూసి త్రొక్కగా గాలి కొలిమికి బోవును. కాలెత్తగా వెదురుగడ తోలును పైకి లాగును, తెరచుకొనిన రంధ్రమున గాలి దిగును. ఇందు చేతులకు పని తప్పినది, దేహభారమే బలమైనది, వెదురు స్ప్రింగైనది. కాని కవాటము మాత్రము మనుష్యుని మడమయే. యంత్రమున సగము దేహమును విడిచినది, సగము విడువలేదు.

తెలంగాణమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఉక్కునకు లోకప్రసిద్ధి గన్న గ్రామము. లాంబ్టన్ నాయకత్వమున జరుగుచుండిన త్రికోణమితి సర్వేలో వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడునైన హెన్రీ వాయిసీ ఆ గ్రామమును సందర్శించి, అచటి ఉక్కు తయారీ విధమును వ్రాసియుంచెను. అతడు 1824లో మరణింపగా ఆ వ్యాసము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. ఉక్కు కొనుటకై ఇస్పహాను పట్టణమునుండి వచ్చి మకాము వేసియుండిన పారసీక వర్తకుడొకని ప్రసంగము కూడ అందున్నది. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మెరుగును, వానిపై నలలవలె దేలు గీతలను గూర్చి గ్రంథములు వెలసినవి. మూసలో నినుమును పెట్టి మూతవేసి, పగలనక రాత్రియనక ఎడతెగని జ్వాలలో నుంచుటచేతనే అది యుక్కైనది. ఆ జ్వాల తిత్తిపైననే ఆధారపడినది. తిత్తి యొక్క గడియ నిలిచినచో మూసలోని సరకంతయు చెడును. కత్తిని పొగడినవారెవ్వరును తిత్తి మూతిని పొగడలేదు. అది సహజమే కావచ్చును, న్యాయము మాత్రము కాదు.

దేహమునకు బదులు వస్తువే తెరచుకొని మూసికొనునట్లు చేసినవారిలో పేరు నిలిచిన ప్రాచీనుడు అలెగ్జాండ్రియా నివాసి క్తెసీబియస్. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమువాడు, మంగలి కొడుకు. తండ్రి యంగడిలో అద్దమును పైకి క్రిందికి జరుపుటకై త్రాటికి సీసపు గుండు గట్టి, దానిని గొట్టములో దాచిపెట్టగా, గుండు దిగినప్పుడెల్ల అదిమిన గాలి ధ్వని చేయుచు వెడలెననియు, దానినిబట్టి ఆతడు వాయుబలమును గ్రహించెననియు రోమక వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ చెప్పుచున్నాడు. ఆ విట్రూవియసే క్తెసీబియసు చేసిన కంచు పంపును వర్ణించినాడు: రెండు స్తంభికలు (సిలిండర్లు), వానిలో నూనె పూసిన ముషలకములు (పిస్టనులు), నడుమ నొక పాత్ర, ఆ పాత్రలోనికి దారితీయు గొట్టముల మూతులపై బిళ్లలు, గాలి యొత్తిడిచే లోనికి వచ్చినదానిని ఆ బిళ్లలు తిరిగి పోనీయవు. ఇది నీటి పంపే యైనను ఇందలి సూత్రము గాలికిని నీటికిని ఒక్కటే. స్పెయిను దేశమున సోతియెల్ కొరొనాదా గనిలో దొరికిన రోమక కాలపు కంచు పంపు మాడ్రిడ్ పురావస్తుశాలలో నేటికిని ఉన్నది; దానిని చూచినవారికి విట్రూవియసు మాట కల్పన కాదని తెలియును. అలెగ్జాండ్రియాలోనే అదే శతాబ్దమున ఎరాసిస్ట్రటస్ అను వైద్యుడు గుండెలోని పొరలు రక్తము నొక వైపునకే పోనిచ్చునని గుర్తించెను. ధమనులలో నుండునది వాయువని ఆతడు భ్రమపడినమాట నిజమే. తలుపుల విషయమున మాత్రము పొరపడలేదు. కంచు బిళ్లయు గుండె పొరయు ఒకే నగరమున ఒకే కాలమున మనుష్యదృష్టికి వచ్చుట కేవలము యాదృచ్ఛికమని నమ్ముట నాకు కష్టముగానున్నది. రుజువు చేయుట మాత్రము అంతకంటె కష్టము.

చీనీయుల పెట్టెతిత్తి యింకొక అడుగు ముందున్నది. 1637లో సొంగ్ యింగ్‌షింగ్ ప్రకటించిన పరిశ్రమల గ్రంథమున దాని చిత్రములున్నవి. కొయ్యపెట్టెలో పలక ముందుకు పోయినను వెనుకకు వచ్చినను, రెండు కొనలయందున్న రెప్పలు వంతులవారీగా తెరచుకొని మూసికొనుటచే గాలి యెడతెగదు. ఐరోపాలో 1556లో అచ్చయిన అగ్రికోలా లోహశాస్త్ర గ్రంథమున గొప్ప కొలిమితిత్తులను కట్టు విధము, వాని క్రిందిపలకకు మేకతోలు కప్పిన పలుచని రెప్పను తోలుపట్టీతో తగిలించు విధము సవిస్తరముగా గలవు. అప్పటికి నీటిచక్రమే తిత్తిని త్రొక్కుచుండెను. చక్రమునకు వ్రేళ్లు లేవు, మడమ లేదు. కావున రెప్ప తనంత తాను పనిచేయక తప్పలేదు. మనుష్యుడు యంత్రమును విడిచి దూరముగా నిలువగలిగినది ఆ రెప్పవలననే యని నా తాత్పర్యము. నీటిచక్రమును పొగడు చరిత్రకారులు ఈ చిన్న షరతును మరచుచుందురు.

పదునేడవ శతాబ్దమున విద్వాంసుల దృష్టి గాలిని అదుముటనుండి గాలిని తీసివేయుటకు మరలెను. మాగ్డెబర్గ్ పురాధ్యక్షుడు ఓటో ఫన్ గెరికె తన శూన్యయంత్రమున తోలు రెప్పలను వాడెను. ఆ వార్త విని 1659 ప్రాంతమున రాబర్ట్ బాయిల్ కొరకు రాబర్ట్ హుక్ నిర్మించిన యంత్రమున విచిత్రముగా వెనుకటి పద్ధతియే తిరిగి వచ్చినది: ముషలకమును క్రిందికి లాగునపుడొక కుళాయి తెరచి, తరువాత దానిని మూసి, స్తంభిక పైనున్న యిత్తడి బిరడాను చేతితో దీసి, ముషలకమును పైకి ద్రోసి, మరల బిరడా పెట్టవలెను. మన కమ్మరి వ్రేళ్లు చేయు పనినే ఆంగ్లదేశపు తత్త్వవేత్త ప్రయోగశాలలోని వ్రేళ్లు చేసినవి! దీనిని వెనుకబాటనరాదు. పాత్రలోని గాలి పలుచబడినకొలది దానికి రెప్పను లేపు శక్తియైనను మిగులదు. అట్టిచోట స్వయముగా తెరచుకొను తలుపుకంటె తెరచు చేయి నమ్మదగినది. తనంత తాను తెరచుకొను ప్రతి కవాటమును తెరచుకొనుటకై గాలివద్ద కొంచెము సుంకము వసూలు చేయునను నియమము నేటి స్ప్రింగు కవాటమునకును వర్తించును. బాయిలుతో పనిచేసిన దెనీ పాపెన్ పిదప స్వయంచాలకములైన కవాటములను ప్రవేశపెట్టి వ్రేళ్లకు సెలవిప్పించెను. ఈ బాయిలే యొకచోట, రక్తప్రసారమును గనుగొనిన విలియం హార్వీని ఆ తలపు మీకెట్లు కలిగినదని తానడుగగా, సిరలలోని కవాటములు ఒకే దిక్కునకు తెరచుకొనుటను జూచి కలిగినదని ఆ వృద్ధుడు బదులు చెప్పెనని వ్రాసియున్నాడు.

ఆవిరి వచ్చినది, ఊదుయంత్రములు పర్వతాకారములైనవి. ఫ్రాన్సు ఇటలీల నడుమ ఆల్ప్స్ క్రింద 1857లో మొదలైన మోఁ సెనీ సొరంగమును జెర్మాఁ సొమ్మెయె అదిమిన గాలితో నడచు తవ్వుయంత్రములచే త్రవ్వించి, 1871లో అది ప్రారంభమగుటకు కొలది వారములముందే కన్నుమూసెను. గాలిని మైళ్లకొలది గొట్టములలో కొండగర్భమునకు పంపవచ్చునన్న యా వార్తను పత్రికలో జదివి జార్జ్ వెస్టింగ్‌హౌస్ రైలుబండికి గాలి బ్రేకును యోచించెను. 1869లో వచ్చిన యాతని తొలి బ్రేకు ఎంజినునుండి గాలిని పంపి చక్రములను పట్టునది. దానికొక మహాదోషముండెను: గొట్టము తెగినచో బ్రేకే యుండదు. 1872లో ఆతడు ప్రతి పెట్టెక్రిందను నొక గాలితొట్టి నుంచి, గొట్టములో నొత్తిడి తగ్గినంతనే తొట్టిలోని గాలి తనంత తాను బ్రేకు పట్టునట్లు మార్చెను. తొట్టిలోనికి చేరిన గాలి తెగిన గొట్టమున వెనుకకు పారిపోకుండ నుండవలెను గదా. రైలు ప్రయాణికుల ప్రాణములన్నియు ఆ నిషేధముపై నాధారపడినవి.

ఆ నిషేధము లేనిచో నేమగునో ఐర్లండు దేశమున ఆర్మా పట్టణమువద్ద 1889 జూన్ 12న లోకమునకు తెలిసివచ్చినది. ఆదివారపు బడి పిల్లలను తలిదండ్రులతో విహారమునకు గొనిపోవుచుండిన బండి ఏటవాలున నిలిచిపోగా, సిబ్బంది దానిని రెండుగా విడదీసి ముందుభాగమును ముందు చేర్పదలచిరి. ఆ బండికున్నది సామాన్యపు శూన్యబ్రేకు. ఎంజిను శూన్యమును కల్పించినంతవరకే అది పట్టును. గొలుసు విప్పి గొట్టము విడదీయగానే వెనుక పెట్టెలలో బ్రేకనునది లేకపోయెను. వెనుకనున్న చేతిబ్రేకును, చక్రములక్రింద పెట్టిన రాళ్లును ఆ భారము నాపజాలలేదు. పెట్టెలు వాలున వెనుకకు దొరలి వచ్చుచున్న మరియొక బండిని ఢీకొనెను; దాదాపు 80 మంది మడిసిరి, వారిలో పిల్లలనేకులు. ఆ సంవత్సరముననే బ్రిటిషు పార్లమెంటు ప్రయాణికుల బండ్లన్నిటికిని తనంత తాను పట్టు బ్రేకు నిర్బంధముగా నుండవలెనని శాసించెను.

ఆ శాసనానంతరము ఆంగ్లదేశమున విస్తరించి, మన దేశపు రైళ్లలో ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములవరకు నడచినది స్వయంచాలక శూన్యబ్రేకు. దాని కీలకము నొకసారి దగ్గరగా జూతము. ప్రతి పెట్టెక్రింద నిలువుగా నొక స్తంభిక యుండును; అందు ముషలకమునకు పైన నొక గది, క్రింద నొక గది. రెంటి నడుమ దారిలో నొక చిన్న గోళీ. ఎంజిను గాలిని పీల్చునపుడు క్రింది గది గాలి నేరుగ పోవును. పైగదిలోని గాలి గోళీని పీఠమునుండి తొలగించి పోవును. రెండు గదులును సమముగా శూన్యములైనపుడు ముషలకము తన బరువున దిగి బ్రేకు వదలును. ఎవడైన గొలుసు లాగినను, గొట్టము తెగినను, బయటి గాలి క్రిందినుండి చొరబడి ఆ గోళీని పీఠమునకు నొత్తును. పైగది మూతపడును, అందలి శూన్యము చెక్కుచెదరదు, క్రింది గాలి ముషలకమును పైకి ద్రోసి చక్రములను పట్టును. ఆర్మాలో లేకపోయినది ఈ ఏర్పాటే. సెలవులకు ఊరికి పోవుచు ఏ మలుపుననో తమ పల్లె రాగానే గొలుసు లాగి దిగిపోయిన ప్రబుద్ధులును, వారిని తిట్టుకొనుచు పెట్టెక్రింద వంగి త్రాడు లాగి బ్రేకు వదలించిన రైల్వేవారును మన ప్రాంతమున కొల్లలు. ఆ త్రాడు చేయు పని, గోళీ కాపాడిన శూన్యమును భంగపరచుటయే. లాలాగూడ రైల్వే కర్మాగారము వంటిచోట్ల ఆ గోళీని దీసి, తుడిచి, పీఠము అరిగినదో లేదో చూచి, మరల పెట్టిన పనివారు తరములకొలది యున్నారు. నేటి జంటగొట్టపు గాలి బ్రేకులలో చదరపు సెంటీమీటరుకు ఒక గొట్టమున 6 కిలోలు, రెండవదానిలో 5 కిలోలు ఒత్తిడి యుండును. మొదటి గొట్టమునుండి తొట్టిలోనికి పోవు గాలి తిరిగిరాకుండ కాయునది నిజమైన చెక్ వాల్వే.

మహావిషయమగు రైలునుండి దిగి రెండు చిన్న వస్తువులను పేర్కొనక పోజాలను. హార్మోనియమును 1842లో పారిసున దెబాఁ పేటెంటు చేసెను. మన నాటకసమాజములవారు దానిని తమ సొత్తే చేసికొనిరి. వెనుక పలకను చేయి వెనుకకు లాగునపుడు పద్యమునందలి రాగము తెగక సాగుటకు కారణము లోపలి తోలు రెప్పలు. అవి జారినచో ఎంతటి నటుడైనను రాగము నడిమిలో నెండిపోవును. రెండవది సైకిలు. 1888లో బెల్‌ఫాస్టున డన్లప్ గాలిచక్రమును పేటెంటు చేసిన పిదప వచ్చిన వుడ్స్ కవాటమున నున్నదంతయు సన్నని రబ్బరు తొడుగే. మన సైకిలు షాపులలో వాల్ ట్యూబు అని కత్తిరించి యిచ్చునది అదియే: గాలికొట్టినపుడు రబ్బరు ఉబ్బి దారి యిచ్చును, ఆపినపుడు లోపలి గాలియే దానిని కన్నమునకు నొక్కి మూయును. బయటికి పోగోరు గాలినే కాపలాదారుగా జేసిన ఈ యుక్తికంటె చవకైన కవాటము లోకమున మరియొకటి కలదనుకొనను.

ఇప్పుడు పంక్చరు అంగడిలోను, కారుఖానాలోను, దంతవైద్యుని గదిలోను నున్నది విద్యుత్తుచే నడచు కంప్రెసరు. గాలి తొట్టి నిండి మోటారు నిలిచినప్పుడు మీరొక చిన్న బుసను వినియుందురు. తొట్టికిని పంపునకును నడుమనున్న చెక్ వాల్వు మూసికొనగా, పంపు గొట్టములో మిగిలిన కాస్త గాలిని మాత్రము స్విచ్చు బయటికి వదలును. మోటారు తిరిగి నడువవలసినప్పుడు బరువు లేకుండ లేచుటకే ఈ యేర్పాటు. ఆ బుస రెండుమూడు క్షణములలో నాగినచో అంతయు క్షేమము. ఆగక సాగుచున్నచో స్విచ్చును మార్చి డబ్బు వృథా చేయకుడు; లోపము తొట్టిమూతి యందలి కవాటముననే యున్నది, దానిని విప్పి పీఠమును తుడిచి చూడుడు.